కెనడా పొయ్యికి మెరుగులు

ఆ గురువారం ఉదయానికి సత్యప్రసాద్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి వర్క్‌షాపులో కెనడా పొయ్యి వెలిగించాలి. దానికి తాను ఆలోచించి పెట్టుకున్న మార్పు ఒకటి, ఒకే ఒకటి, చెయ్యాలి. సాయంత్రం అసర్ నమాజు తరువాత యజమాని అర్బాబ్ వచ్చేసరికి గాజు సీసా నిండా ఖర్జూర పాకం పోసి, చేతులు కడుక్కుని, పెద్దగా ఏమీ చెయ్యనివాడిలా ఓ పక్కన నిలబడాలి. అన్నిటికన్నా ఆ నిలబడటం మీదే అతనికి శ్రద్ధ ఎక్కువ. అల్ నహ్దా ఫ్లాటులో అద్దం ముందు, అణకువగా నవ్వడం రెండుసార్లు చేసి చూసుకున్నాడు.

"ఏవండీ, పన్ను సలుపుతోందా?" అంది వాసంతి, టిఫిను డబ్బాకి మూత బిగిస్తూ.

"లేదే."

"మరి మొహం అలా పెట్టారేంటి? లవంగం ఇవ్వనా?"

సత్యప్రసాద్ లవంగం పుచ్చుకుని బుగ్గన పెట్టుకున్నాడు. అది అణకువ అని భార్యకు వివరించడం కన్నా, పన్ను నొప్పి అని ఒప్పుకోవడం తేలిక. అతని జీవితంలో చాలా సంగతులు ఇలా తేలికైనవైపే ఒరిగిపోయాయి. ఆ విషయం అతనికి తెలుసు. తెలియడం వల్ల ఒరగటం ఏమీ తగ్గలేదు.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో ఏసీ డక్టులు తయారుచేసే వర్క్‌షాపులో అతను పద్నాలుగేళ్ళుగా ఫోర్‌మన్. రెండో ఫోర్‌మన్ కడప నుంచి వచ్చిన హయాత్ బాషా. అందరూ అర్బాబ్ అని పిలిచే యజమాని సజ్జాలో కొత్త ఫ్యాక్టరీ తెరుస్తున్నాడనీ, ఇద్దరు ఫోర్‌మన్లలో ఒకరిని అక్కడికి పంపుతాడనీ నెలరోజులుగా అనుకుంటున్నారు. సజ్జా అనగానే సత్యప్రసాద్ కళ్ళ ముందుకు వచ్చేది క్యాంపు గది, ఆ గదిలో ఆరు మంచాలు. అక్కడ కాపురాలకు చోటుండదు. కంపెనీ ఇచ్చిన నహ్దా ఫ్లాటు వెనక్కి తీసేసుకుంటారు. వాసంతి పెద్దాపురంలో వాళ్ళ అన్నయ్య ఇంట్లో, వదిన చేతికింద, వెనక గదిలో ఉండాలి.

"మీరేం చేస్తారో నాకు తెలీదు. ఆ సజ్జా మాత్రం మనకొద్దు," అంది వాసంతి ఈ సంగతి విన్న రోజున.

అర్బాబ్ దగ్గరకు వెళ్ళి, "నన్ను పంపకండి" అని అడగొచ్చు. రెండు నిమిషాల పని. సత్యప్రసాద్ ఆ రెండు నిమిషాలను తప్పించుకోవడానికి మూడు వారాలు ఆలోచించాడు. తనకెందుకు అడగాలని లేదు, అడిగితే ఏమవుతుందని భయం, ఆ భయం చిన్నప్పుడు ఎక్కడ మొదలైంది, ఇలా మనసులోకి నిచ్చెన వేసుకుని దిగి, అడుగుదాకా చూసొచ్చాడు. చివరికి, ఈ వర్క్‌షాపు తను లేకపోతే నడవదని అర్బాబ్‌కి దానంతట అదే తోచేలా చెయ్యాలని తేల్చుకున్నాడు. దానికి ఆధారంగా వర్క్‌షాపు మూల, టార్పాలిన్ కింద ఉన్న పొయ్యి కనిపించింది.

కెనడా పొయ్యి కథ వర్క్‌షాపులో అందరికీ తెలిసిందే. అర్బాబ్ చిన్నకొడుకు కెనడాలో చదువుకుంటూ, కరోనా ఏడాది తిరిగొచ్చేస్తూ, దాన్ని కంటైనరులో వేయించుకొచ్చాడు. అక్కడ మేపుల్ అనే చెట్టుకు గాటు పెట్టి, కారిన నీరు పట్టి, దాన్ని ఈ పొయ్యి మీద కాచి పాకం తీస్తారట. కింద కట్టెలు పెట్టే గూడు, పైన స్టీలు పళ్ళెం, వెనక పొగగొట్టం. చూడటానికి మన బెల్లం పెనం కోటు వేసుకున్నట్టు ఉంటుంది. కుర్రాడు దాని మీద ఖర్జూర రసం కాద్దామని చూశాడు. గంటకు పది లీటర్లకు మించి ఆవిరి కాలేదు. విసిగిపోయి అబూదాబీలో ఉద్యోగం చూసుకున్నాడు. పొయ్యి వర్క్‌షాపుకి వచ్చింది. "చూడు, ఏమన్నా అవుతుందేమో," అని అర్బాబ్ ఒకసారి సత్యప్రసాద్‌తో అన్నాడు. అది రెండేళ్ళ కిందటి మాట. సత్యప్రసాద్ దాన్ని ఇప్పటిదాకా దాచుకున్నాడు.

బుధవారం మధ్యాహ్నం అర్బాబ్ దగ్గర్నుంచి ఫోనులో వాయిస్ మెసేజ్ వచ్చింది. "ప్రసాద్, కల్ అసర్ కే బాద్ మై ఆతా. వో కెనడా మషీన్... ఖలాస్. యల్లా." రేపు అసర్ తరువాత వస్తానని, ఆ కెనడా మషీన్ ఖలాస్ అని, ఇక కానిమ్మని. అంతే.

సత్యప్రసాద్ దాన్ని ఆరుసార్లు విన్నాడు. తరువాత వెల్డర్ భోజన్నకు వినిపించాడు. భోజన్నది జగిత్యాల దగ్గరి పల్లె. గల్ఫుకి వచ్చి ఇరవై ఆరేళ్ళు.

"ఏమున్నది సార్ దీంట్ల. ఖలాస్ అంటె ఖలాస్. అయిపోయింది, దాని ముచ్చట ఇడిశిపెట్టుమంటుండు."

సత్యప్రసాద్ అణకువగా నవ్వాడు. "భోజన్నా, ఖలాస్ అనేది ఒక రకం ఖర్జూరం పేరు."

"గది నాకెర్క లేదా సార్? మార్కెట్ల డబ్బల మీద రాసుంటది. గని గీయన మషీన్ గురించి అన్నడు గదా."

"అదే నేననేది! మషీన్లో ఖలాస్ వేసి చూపించమంటున్నారు, రేపు అసర్ తరువాత."

"మరి గట్లనే అనొచ్చు గదా."

"పెద్దవాళ్ళు అన్నీ విడమరిచి చెప్పరు. మనం అందుకోవాలి."

సత్యప్రసాద్ అంత గట్టిగా అందుకోవడానికి ఒక కారణం ఉంది, అది భోజన్నకీ తెలుసు. పోయిన రంజాన్ నెలలో అర్బాబ్ ఇంటి ఇఫ్తార్‌కి వెళ్ళినప్పుడు, ఖర్జూరాల పళ్ళెం ముందుకు జరుపుతూ వడ్డించే మనిషి "ఖలాస్" అన్నాడు. ఇక చాలంటున్నాడనుకుని సత్యప్రసాద్ చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని, ఒళ్ళో పెట్టుకున్నాడు. గదంతా నవ్వింది. అది ఖర్జూరం పేరని అర్బాబే చెప్పాడు. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళిన తీరును హయాత్ బాషా నెలరోజులపాటు వర్క్‌షాపులో అభినయించి చూపించాడు. ఆ మాట దగ్గర ఇంకెప్పుడూ మోసపోకూడదని సత్యప్రసాద్ ఆనాడే అనుకున్నాడు. మోసపోలేదు కూడా. అవతలివాడు "అయిపోయింది" అన్నా సరే, ఖర్జూరమే వినిపించే స్థితికి చేరుకున్నాడు.

బుధవారం సాయంత్రమే ఎనిమిది పెట్టెల ఖలాస్ ఖర్జూరం తెప్పించి, గింజలు తీయించి, డ్రమ్ముల్లో వేడినీళ్ళు పోసి నానబెట్టారు. గురువారం పొద్దున్నే ఏసీ ఫిల్టర్లకు వాడే కొత్త గుడ్డలో వేసి భోజన్న పిండాడు. నూట ఇరవై లీటర్ల రసం వచ్చింది. అందులో వంద లీటర్ల నీరు ఆవిరైపోవాలి. సత్యప్రసాద్ చేతి గడియారం చూసుకున్నాడు. గంటకు పది లీటర్ల లెక్కన సాయంత్రం ఆరు దాటుతుంది. అర్బాబ్ నాలుగింటికి వస్తాడు. అనుకున్న ఆ ఒక్క మార్పు ఇక్కడే అవసరమైంది.

డక్టుల్లో గాలిని ముందుకు తోసే ఫ్యాను ఒకటి తెచ్చి, పొయ్యిగూటి నోటికి బిగించాడు. స్విచ్ వేశాడు. పాత చెక్క పలకలు ఒక్కసారిగా భగ్గుమన్నాయి. పొగగొట్టం మొదలు ఎర్రబడింది. పళ్ళెంలో రసం కుతకుతలాడింది. గంట గడిచేసరికి ఇరవై రెండు లీటర్లు తగ్గింది. మనసులో ఉన్న ఒక ఆలోచన బయటికొచ్చి ఇంత చప్పుడు చెయ్యడం సత్యప్రసాద్ జీవితంలో ఇదే మొదటిసారి. అతనికి గొంతులో ఏదో అడ్డుపడింది. లవంగం.

"ఏం నా, పొద్దున్నే పొయ్యి ముట్టించినావు? బిర్యానీనా?" అంటూ హయాత్ బాషా వచ్చాడు. అతని కడప మాటలో అన్నా అనేది 'నా' అవుతుంది.

"ఖర్జూర పాకం. అర్బాబ్ అడిగారు."

"ఆయప్పకు ఇంట్లో పాకం లేకనా నిన్నడిగింది?"

సత్యప్రసాద్ జవాబు చెప్పేలోగా పళ్ళెంలో నురగ లేచింది. అంచుదాకా వచ్చి, అంచు దాటి, పక్కలమ్మట జారి, నిప్పులో పడి, మాడిన చక్కెర వాసన వేసింది. భోజన్న గరిటెతో కొట్టాడు. అది ఇంకా లేచింది.

"గింత నూనె సుక్క ఎయ్యి సార్. మా దిక్కు బెల్లం కాడ ఆముదం సుక్క ఏస్తరు. గప్పుడే కూసుంటది."

"నూనె వద్దు. పాకంలో నూనె తేలితే అర్బాబ్ ఏమనుకుంటారు?" అన్నాడు సత్యప్రసాద్. అతనికి ఇంకో సంగతి గుర్తొచ్చింది. ఎనిమిదేళ్ళ వయసులో సామర్లకోట దగ్గర మేనమామ బెల్లం వండుతుంటే చూశాడు. బెండకాయల జిగురు పోసేవారు. అది నురగ అణచడానికో, మడ్డి పైకి తేల్చడానికో సరిగ్గా గుర్తులేదు. కానీ ఆ జ్ఞాపకం ఎంత స్పష్టంగా ఉందంటే, మేనమామ తలపాగా రంగుతో సహా కనిపించింది. అంత స్పష్టంగా ఉన్నది తప్పెలా అవుతుందని వెంటనే వాసంతికి ఫోను చేశాడు.

"వాసంతీ, బెండకాయలు కావాలి. ఐదు కిలోలు. అర్బాబ్ వస్తున్నారు!"

"ఐదు కిలోలా? ఎంతమందికండీ?"

"మందికి కాదు, నురగకి!" ఫ్యాను రొద పెడుతోంది.

"ఏ ఊరికీ?"

"జిగురు! జిగురు పోకూడదు! ముక్కలు కోసుకుని టాక్సీలో వచ్చెయ్!"

"జిగురు పోవాలా? ఆ మాట మీరు నాకు చెప్పాలా, ఇరవై రెండేళ్ళ నుంచి చేస్తున్నాను," అని ఫోను పెట్టేసింది వాసంతి.

ఈలోగా వర్క్‌షాపంతా ఆవిరితో నిండిపోయింది. రేకు మీద గీతలు కనబడక మడత పెట్టేవాళ్ళు చేతులు ముడుచుకుని నిలబడ్డారు. ఎవరో పొడిదగ్గు దగ్గారు. ఒక్క మార్పుతో ఆపాలన్న నియమం సత్యప్రసాద్‌కు గుర్తుంది. కానీ ఇది మార్పు కాదు, మొదటి మార్పుకు సర్దుబాటు అని తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. అతను ఎవరితోనైనా వాదిస్తే ఓడిపోతాడు. తనతో వాదించినప్పుడు మాత్రం ఎప్పుడూ నెగ్గుతాడు.

రేకు కోసి, మడిచి, రివెట్లు కొట్టి, ముప్పావుగంటలో పళ్ళెం మీదికి గొడుగులాంటి మూత ఒకటి తయారుచేశాడు. దాన్ని వర్క్‌షాపు పెద్ద ఎగ్జాస్ట్ డక్టుకి కలిపాడు. ఎగ్జాస్ట్ ఫ్యాను వెయ్యగానే ఆవిరంతా తాడు పట్టి లాగినట్టు పైకి పోయింది. అందరి మొహాలూ మళ్ళీ కనిపించాయి. ఎవరో చప్పట్లు కొట్టారు కూడా. ఆవిరితోపాటు నురగ తుంపరలు కూడా పోతున్నాయి. ఆ డక్టు రెండో కొస ఎక్కడ తేలుతుందో ఒకసారి చూడాలన్న ఊహ సత్యప్రసాద్‌కు రాకపోలేదు. కానీ అప్పటికే మూడో మార్పు ఊహ వచ్చి, దాన్ని పక్కకు నెట్టేసింది.

పళ్ళెంలో రసం తగ్గినకొద్దీ డ్రమ్ము నుంచి మగ్గుతో పోస్తున్నాడు భోజన్న. పోసినప్పుడల్లా మరుగు ఆగుతోంది. రసం దానంతట అదే, తగ్గినంత మేరకే సన్నగా వస్తే ఎంత బాగుంటుంది! సత్యప్రసాద్ స్టోర్‌రూములోకి వెళ్ళి, టాయిలెట్ ఫ్లష్ ట్యాంకులో పెట్టే ప్లాస్టిక్ బంతీ, దాని కుళాయీ తెచ్చాడు. నీటి మట్టం పెరిగితే బంతి పైకి తేలి కుళాయి మూసేస్తుంది, మట్టం దిగితే తెరుస్తుంది.

"యా అల్లా! ఏంది నా ఇది? అర్బాబ్ నోట్లో పెట్టుకునేదాంట్లో కక్కూస్ బంతి ఏస్తివే!" అన్నాడు హయాత్ బాషా.

"కొత్తది బాషా. ఇప్పుడే డబ్బాలోంచి తీశాను."

"కొత్తదైతే మాత్రం? ఆయప్ప అడిగితే దీని పేరేమని చెప్తావు?"

సత్యప్రసాద్ ఆలోచించాడు. "లెవెల్ కంట్రోలర్."

"ముదీర్ మాదిరి, పెద్ద మేనేజర్ మాదిరి మాట్లాడతాండావు నా," అని హయాత్ బాషా నుదురు కొట్టుకుని, తన పని చూసుకోవడానికి వెళ్ళిపోయాడు.

రెండు గంటలపాటు అంతా సవ్యంగా నడిచింది. ఫ్యాను ఊదుతోంది, గొడుగు పీలుస్తోంది, బంతి తేలుతోంది. సత్యప్రసాద్ స్టూలు మీద కూర్చుని, చెయ్యడానికి ఏమీ లేక, మనసులోకి చూసుకున్నాడు. అక్కడ గర్వం కనిపించింది. దాన్ని చూసినందుకు కొంచెం సిగ్గు, ఆ సిగ్గును గుర్తించగలిగినందుకు మళ్ళీ గర్వం. ఇలా మెట్లు మెట్లుగా లోపలికి దిగుతుండగా మూడు దాటింది. పళ్ళెంలో మాత్రం ఏ మార్పూ లేదు. నిండుగా నురగ, నురగ మీద బంతి.

అప్పుడు వాసంతి వచ్చింది. టాక్సీ దిగి, రెండు చేతులా రెండు పెద్ద గిన్నెలు పట్టుకుని, చీర కొంగుతో చెమట తుడుచుకుంటూ లోపలికొచ్చింది.

"ముక్కలేవీ?" అన్నాడు సత్యప్రసాద్ లేచి.

"ఇవేగా ముక్కలు." మూత తీసింది. ఐదు కిలోల బెండకాయ వేపుడు. పల్లీలు, ఎండుకొబ్బరి వేసి, కరకరలాడుతోంది. "అర్బాబ్‌తో ఎంతమంది వస్తారో మీరు చెప్పలేదు. ముప్ఫైమందికి చాలుతుంది. రొట్టెలు దారిలో కొన్నాను."

"జిగురు పోకూడదన్నాను కదా!"

"ఒక్క పోగు జిగురుంటే చూపించండి!" అంది వాసంతి, గర్వంగా.

సత్యప్రసాద్ గిన్నెలోకి చూశాడు. నిజమే. ఇంత శ్రద్ధగా, ఇంత సంపూర్ణంగా జిగురు పోయిన బెండకాయలను అతను ఎన్నడూ చూడలేదు. "పచ్చివి కావాలి వాసంతీ, నురగ అణచడానికి," అన్నాడు నీరసంగా.

"పచ్చి బెండకాయలు అర్బాబ్‌కి పెడతారా? ఏమైందండీ మీకు? పన్ను నొప్పి తలకెక్కిందా?"

భోజన్న ఈ భార్యాభర్తల మధ్య దూరలేదు. గిన్నె అడుగున మెరుస్తున్న నూనెను ఒక చెంచాతో తీసి, పళ్ళెంలో ఒంపాడు. పొద్దుటి నుంచి పట్టువిడవని నురగ, ఉస్సురని ఒక్క క్షణంలో కూర్చుండిపోయింది.

కూర్చున్నాక అసలు సంగతి బయటపడింది. పళ్ళెంలో రసం లేదు. అడుగున రెండు వేళ్ళ మందాన నల్లటి ముద్ద ఒకటి బుడగలు తీస్తోంది. రెండు గంటలుగా నురగ బంతిని పైకి ఎత్తి పట్టుకుంది. కుళాయి అది చూసి, అంతా నిండుగా ఉందనుకుని, హాయిగా మూసుకుని కూర్చుంది. సత్యప్రసాద్‌కు ఆ కుళాయి ఎవరో బాగా ఎరిగిన మనిషిలా కనిపించింది. ఆ మనిషి ఎవరో తనకు తట్టేలోపే, నురగ ఆసరా పోయిన బంతి కిందికి జారింది. కుళాయి పూర్తిగా తెరుచుకుంది. డ్రమ్ములో మిగిలిన చల్లటి రసం, మాడుతున్న ఆ ముద్ద మీద ధారగా పడింది.

"దూరం జరుగు సార్!" అని భోజన్న సత్యప్రసాద్ చొక్కా పట్టి లాగాడు.

బుస్సుమని ఒక పెద్ద శబ్దం. పళ్ళెంలో పడిన రసమంతా లేచి, గొడుగులోకి ఎగిరింది. గొడుగు దాన్ని ఏ లోటూ లేకుండా అందుకుని డక్టుకి ఇచ్చింది. డక్టు ఒక కొస నుంచి ఇంకో కొసకు దడదడలాడింది. సత్యప్రసాద్ చేసిన అతుకులు ఎంత గట్టివంటే, లోపల ఎక్కడా ఒక్క చుక్క కారలేదు. తరువాత బయట, గేటు దగ్గర, ఎవరో అరబిక్‌లో గట్టిగా అరిచారు.

డక్టు రెండో కొస గేటు పైన తేలుతుందని అందరికీ అప్పుడే గుర్తొచ్చింది.

అర్బాబ్ లోపలికొచ్చాడు. పక్కన అదే వయసున్న ఇంకో పెద్దమనిషి. ఇద్దరివీ పాదాలదాకా దిగే తెల్లటి కందూరా అంగీలే. ఇప్పుడు భుజాల నుంచి మోకాళ్ళదాకా గోధుమరంగు చుక్కలు. వాళ్ళతోపాటు కొన్ని ఈగలు కూడా వచ్చాయి. సత్యప్రసాద్ ఓ పక్కన నిలబడ్డాడు. పొద్దున సాధన చేసిన అణకువ ఇప్పుడు ఏ ప్రయత్నమూ లేకుండా వచ్చింది.

"ఏ క్యా హై, ప్రసాద్?"

"ఖలాస్, అర్బాబ్," అన్నాడు సత్యప్రసాద్, పళ్ళెంవైపు చెయ్యి చూపిస్తూ.

"మాలూమ్ ఖలాస్! మై బోలా ఖలాస్!"

"అవునండీ, మీరు చెప్పారనే... పూరా ఖలాస్ డాలా. ఆఠ్ కార్టన్."

అర్బాబ్ అరబిక్ బాగా వచ్చిన హయాత్ బాషాను పిలిచాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నారు. బాషా మొహం మొదట గంభీరంగా ఉంది. తరువాత దాన్ని అలా ఉంచడానికి అతను కష్టపడాల్సి వచ్చింది.

"నా," అన్నాడు చివరికి, సత్యప్రసాద్ దగ్గరికొచ్చి, మెల్లగా. "మషీన్ ఖలాస్ అంటే, మన దగ్గర దాని పని అయిపాయె, ఇంక వదిలెయ్యమని. ఈ పెద్దాయనది ధైద్ ఊర్లో ఖర్జూరం తోట. అర్బాబ్‌కు చిన్నప్పటి దోస్త్. ఆయనకు బహుమానంగా ఇచ్చేసినాడంట. ఈరోజు తీసకపోతామని పికప్ తెచ్చినారు. తుడిచి పెడితే చాలంట."

సత్యప్రసాద్ భోజన్నవైపు చూడలేదు. భోజన్న కూడా మర్యాదగా పైకప్పు చూశాడు.

ధైద్ పెద్దాయన తన బహుమానం చుట్టూ ఒకసారి తిరిగాడు. ఊదే ఫ్యాను చూశాడు, రివెట్ల గొడుగు చూశాడు. నల్లటి ముద్దలో సగం దిగబడ్డ ప్లాస్టిక్ బంతి దగ్గర ఆగి, వేలుపెట్టి, ఇదేమిటని అడిగాడు. "లెవెల్ కంట్రోలర్" అన్న మాట సత్యప్రసాద్ నాలుక చివరిదాకా వచ్చి, అక్కడే ఆగింది. పెద్దాయన గరిటె పట్టుకుని లాగాడు. గరిటె రాలేదు, పళ్ళెం ఒక మూల పైకి లేచింది. ఆయన దాన్ని జాగ్రత్తగా కిందికి దించి, అర్బాబ్ భుజం మీద చెయ్యి వేసి ఏదో అన్నాడు. స్నేహం గొప్పదనీ, ఈ బహుమానం మాత్రం మీ దగ్గరే ఉండనిమ్మనీ అన్నాడని బాషా చెప్పాడు.

అప్పుడు వాసంతి ముందుకొచ్చింది. ఇంటికొచ్చిన పెద్దవాళ్ళు నిలబడి ఉంటే ఆమెకు కాళ్ళు నిలవవు. బల్ల మీద కాగితం పరిచి, రెండు ప్లేట్లలో వేపుడు పెట్టి, రొట్టెలు పక్కన సర్దింది. అర్బాబ్ ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. ఇంకోటి వేసుకున్నాడు. ధైద్ పెద్దాయన కూర్చున్నాడు. "తమామ్, తమామ్," అన్నాడు మెచ్చుకోలుగా. ఆ రోజంతటిలో వర్క్‌షాపులో సరిగ్గా కుదిరిన వస్తువు అదొక్కటే. అందులో సత్యప్రసాద్ చెప్పినట్టు ఏదీ చెయ్యలేదు.

తిన్నాక అర్బాబ్ చేతులు తుడుచుకుని, జేబులోంచి కవరు తీశాడు. కవరు మీద కూడా రెండు గోధుమరంగు చుక్కలున్నాయి. హిందీలో, మెల్లగా, ఒక్కో మాటే ఏరి చెప్పాడు. సజ్జా ఫ్యాక్టరీకి ముదీర్ కావాలి. కంపెనీ విల్లా ఇస్తుంది, కుటుంబంతో ఉండొచ్చు, కారు కూడా ఉంటుంది. "ప్రసాద్ సోచ్నే వాలా ఆద్మీ," ఆలోచించే మనిషి, అని అతని పేరే అనుకున్నాడట. ఈ రోజు ఇక్కడికి రావడం కూడా ఆ కవరు ఇవ్వడానికేనట. పొయ్యి సంగతి దారిలో పనే.

సత్యప్రసాద్ చెయ్యి కొద్దిగా ముందుకు కదిలింది.

"లేకిన్ వహా తేరేకో కౌన్ దేఖేగా?" అన్నాడు అర్బాబ్. అక్కడ నిన్ను చూసేవాళ్ళు ఎవరుంటారు? కవరు హయాత్ బాషా చేతిలో పెట్టాడు. తరువాత సత్యప్రసాద్‌వైపు తిరిగి, నేల చూపించి, తన రెండు కళ్ళూ చూపించాడు. నువ్వు ఇక్కడే. నా కళ్ళ ముందు.

బాషా కవరు పట్టుకుని సంతోషించాలో బాధపడాలో తెలియక, "నా, నువ్వేమన్నా అంటే నేను వద్దని చెప్తా," అన్నాడు. నిజంగానే అన్నాడు. సత్యప్రసాద్ తల అడ్డంగా ఊపాడు. వద్దని చెప్పించుకోవడానికి ఏ మొహం మిగల్లేదు.

ఖాళీ గిన్నెలతో ఇద్దరూ టాక్సీలో నహ్దా వస్తుంటే వాసంతి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

"విల్లా అన్నాడా ఆయన?"

"ఊఁ."

"ఎన్ని గదులంట?"

"అడగలేదు."

"పోనీలెండి. సజ్జా వద్దన్నది నేనేగా," అంది. రెండు సిగ్నళ్ళు దాటాక, "పెరడు కూడా ఉంటుందంటారా?" అంది.

సత్యప్రసాద్ తన మనసులోకి చూసుకున్నాడు. కోరుకున్నది అక్షరాలా దొరికింది: ఇదే వర్క్‌షాపు, ఇదే ఫ్లాటు, ఇదే వాసంతి. కాబట్టి సంతోషించాలి. సంతోషించడానికి ప్రయత్నించాడు, రాలేదు. సరే అని విచారించడానికి ప్రయత్నించాడు, పక్కన వాసంతి గిన్నెలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉండగా అదీ పూర్తిగా రాలేదు. ఈ రెండింటి మధ్యా ఉన్న భావానికి పేరు వెతుకుతుండగా ఇల్లు వచ్చేసింది.

"దిగండి. పన్ను ఎలా ఉంది?" అంది వాసంతి.

"తగ్గింది," అన్నాడు.

శుక్రవారం సెలవురోజంతా అతనూ భోజన్నా వేడినీళ్ళతో ఎగ్జాస్ట్ డక్టు లోపలంతా కడిగారు. డక్టులోకి దూరే ముందు భోజన్న, "సార్, ఒక్కటడుగుత ఏమనుకోవద్దు. దీనికి గూడ ఏమన్న ఆలోచన జేశిన్రా?" అని అడిగి, చెయ్యలేదని మాట తీసుకున్నాకే లోపలికి వెళ్ళాడు.

శనివారం పొద్దున వర్క్‌షాపు గోడ మీద నోటీసు పెట్టించాడు అర్బాబ్. అనుమతి లేకుండా ఎవరూ ఏ యంత్రానికీ మెరుగులు చేయరాదని అరబిక్‌లో, ఇంగ్లీషులో, ఉర్దూలో, తెలుగులో. దస్తూరీ బాగుంటుందని తెలుగు నోటీసు రాసే పని సత్యప్రసాద్‌కే అప్పగించారు. మిగతా మూడు భాషల్లోనూ అది ఒక్క వాక్యమే, తెలుగులో ఐదున్నాయి.